డ్యూటీలో ఉన్న అహరోను

మై నేమ్ ఈజ్, అంది దయావతి. మై నేమ్ ఈజ్, అని హాలంతా అరిచింది. ఆ అరుపుకు క్యాంటీన్ పైరేకులు కూడా అదిరినట్టున్నాయి. పొద్దుటి షిఫ్టు దిగి, మొహమైనా కడుక్కోకుండా, నీలం యూనిఫారాలతోనే తెచ్చి కూర్చోబెట్టారు పాపం వీళ్ళని. వచ్చే వారం విదేశాల నుంచి తనిఖీకి వస్తారట. వచ్చి రియాక్టర్ దగ్గర నిలబడ్డ ఏ మనిషినైనా ఆపి నువ్వెవరివి అని అడుగుతారట. అడిగితే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలట. పాశమైలారంలో మందులు వండే ఫ్యాక్టరీలు సందుకొకటి ఉన్నా, కూలివాడికి తన పేరు తాను చెప్పుకోవడం నేర్పిస్తున్నది బహుశా ఇదొక్కటే. అందుకోసం పటాన్‌చెరు బడి నుంచి టీచర్ని పిలిపించారు. నాలుగు వాక్యాలూ పర్సనెల్ ఆఫీసర్ రామలింగేశ్వరరావే చెప్పాడు: నా పేరు ఇది, మా నాన్న పేరు ఇది, మాది ఫలానా ఊరు, నేను ఫలానా బ్లాకులో పనిచేస్తున్నాను. అంతేనండీ మేడం, ఐదోది వద్దు, ఐదోది మాట్లాడితేనే మనకి చిక్కులు, అని నవ్వి, వెనక టీ డ్రమ్ము పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మంచి నవ్వే. ఆ పళ్ళను ఇటుకతో కొడితే ఎన్ని రాలతాయో అనుకుంది దయావతి, అనుకుంటూనే తానూ నవ్వింది. నేనేమంటే మీరూ అదే అనాలి, సరేనా, అని హాలువైపు తిరిగింది. సరే మేడం, అని హాలు.

ఆమె వాళ్ళ మొహాలు చూడటం లేదు. కిటికీ అవతల బీ బ్లాకును చూస్తోంది. గోడకి ఒక మూల మాత్రం సున్నం కొత్తది, మిగతాదంతా ఎండకీ ఆవిరికీ పచ్చబడిపోయింది. ఆ కొత్త సున్నం ఎందుకు వేశారో ఆమెకి తెలుసు. దాని కింద తమ్ముడు ఎగిరిపడి కొట్టుకున్న చోటు ఉంది. మై ఫాదర్స్ నేమ్ ఈజ్. నోరు దాని పని అది చేసుకుపోతోంది, పదేళ్ళుగా పిల్లలకి చెప్పి అరిగిపోయిన నోరు. మనసు మాత్రం రెండేళ్ళ కిందటి కంది ఊళ్ళో పుట్టింటి వెనక వాకిట్లో ఉంది. బక్కమ్మ కొంగు తలమీదికి లాక్కుని దొంగలా వచ్చింది అప్పుడు. బీ బ్లాకు ఊడ్చే బక్కమ్మ. అమ్మ ఏసమ్మ ముందు చతికిలబడి, గొంతు తగ్గించి చెప్పింది. "రియాక్టర్ మూత లేసింది ఏసమ్మా. మంట గాదు, గాలి. గాలే అంటుకున్నది. పిలగాడు పొయ్యి గోడకు గొట్టుకున్నడు. యేసయ్యా అన్నడు, ఒక్కపారే. ఇగ ఏమనలే. టెంపోలేసుకొని పోయిన్రు. నేల, గోడ నాతోనే కడిగిచ్చిన్రు. కడిగితె పోలే, రేకు ముక్కతోని గీకిన." ఆ రేకు ముక్క చప్పుడు దయావతి ఎన్నడూ వినలేదు. అయినా రోజూ వింటుంది. అన్నం గిన్నె అడుగు గీకినప్పుడల్లా వింటుంది. పోలీసులు అడిగినప్పుడు బక్కమ్మ నాకేమెర్కలేదంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు, ఆమెకూ ఇద్దరు కొడుకులున్నారు, ఆ ఇద్దరూ ఇక్కడే పని చేస్తారు.

ఐ యామ్ ఫ్రమ్. ఐ యామ్ ఫ్రమ్, అని హాలు. ఇస్నాపూర్ చౌరస్తా దాటినాక హైవే మీద దొరికాడు తమ్ముడు. మీదినుంచి లారీ పోనిచ్చారు. చచ్చినవాణ్ణి తెచ్చి పడుకోబెట్టి మళ్ళీ చంపారు. దయావతి జహీరాబాద్ అత్తగారింట్లో పురిటి మంచం మీదినుంచి లేచి, పసిగుడ్డును చంకనేసుకుని, పచ్చి ఒంటితో పరుగెత్తుకొచ్చింది. ఆస్పత్రి వెనక గదిలో గుడ్డ ఎత్తి చూపించాడొకడు. నడుం కింద లారీ చేసిన పని. నడుం పైన లారీ చెయ్యగల పని కాదు. లారీ వెంట్రుకలు కాలుస్తుందా? లారీ చేతుల మీది తోలును గ్లౌజుల్లా ఊడదీస్తుందా? అడిగింది. గుడ్డ కప్పేశాడు. తాగి రోడ్డుకడ్డం వచ్చిండంట, అని ఎవరో అన్నారు, ఊరు అదే పట్టుకుంది. ప్రభురాత్రి భోజనం నాడు గుడిలో ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసం తప్ప ఏదీ ముట్టని పిల్లవాణ్ణి తాగుబోతును చేసి పాతిపెట్టారు. అమ్మ ఇప్పటికీ గుడికి వెళ్తే వెనక వరసలో గోడకానుకుని కూర్చుంటుంది. ముందు కూర్చోవమ్మా అంటే, వద్దు బిడ్డా, వెనకనుంచి మాట్లాడుకుంటరు, గోడుంటె నయం, అంటుంది. ఆ మాట గుర్తొస్తే దయావతికి ఏడుపు రాదు. ఒళ్ళు మండుతుంది. ఎవడినో ఒకణ్ణి జుట్టు పట్టి అదే గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

ఇప్పుడొక్కొక్కరూ లేచి చెప్పండి, అంది. మొదటి బెంచీ మొదలయింది. లేచినవాడు చెప్పడం, అందరూ నైస్ టు మీట్ యూ అని అరవడం, వాడు సిగ్గుపడి కూలబడటం. ఒకడు పేరు చెప్పి సెల్యూట్ కొట్టాడు. ఒకడు నాలుగు వాక్యాలూ గబగబా ఒక్క ఊపిరిలో మింగేశాడు. జుట్టు నెరిసిన మల్లయ్య లేచి, సొంత ఊరు పాశమైలారమేనని చెప్పి, కూర్చోకుండా నిలబడ్డాడు. "మేడం, గీ క్యాంటీన్ ఉన్నది మా చెల్కల్నే. మా నాయిన జొన్నలేసిన జాగ. గది ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె?" వెనకనుంచి రామలింగేశ్వరరావు, "అది అవసరం లేదయ్యా మల్లయ్యా, నాలుగే, నాలుగే చాలు," అన్నాడు. అందరూ నవ్వారు. మల్లయ్య కూడా నవ్వి కూర్చున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని, మల్లయ్య పొలం మీద కూర్చుని టీ తాగుతూ మల్లయ్యకే నాలుగు చాలంటున్నాడు. ఉన్నట్టుండి అవతల ఏదో గొట్టంలోంచి ఆవిరి బుస్సుమంది, దయావతి చేతిలో సుద్దముక్క విరిగింది. ఎవరూ తల తిప్పలేదు, వాళ్ళకది అలవాటే. కుళ్ళిన అరటిపండులాంటి వాసనొకటి కిటికీలోంచి లోపలికొచ్చింది. తమ్ముడి చొక్కాల్లో ఉండే వాసన. ఎన్ని సార్లు ఉతికినా పోయేది కాదు.

అసలెందుకొచ్చిందిక్కడికి? ప్రిన్సిపాల్ అడగ్గానే వెళ్తానంది. భర్త రాజారావు, పోయి ఏం జేస్తవు, అని మాత్రం అడిగాడు. చూసొస్తానంది. ఏం చూస్తుంది? నాన్న బర్నబాను కొట్టిన గేటును చూడాలనుకుంది. పాతిపెట్టిన మూడోనాడు నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని, గుడి పెద్దగా పండగలకి వేసుకునే తెల్లంగీ వేసుకుని ఈ గేటుకొచ్చాడు. కాంట్రాక్టర్ అంజయ్య బయటికొచ్చి ఏమన్నాడో నాన్న ఇప్పటికీ అదే గొంతుతో చెప్తాడు. "మీ అహరోనా? డ్యూటీల ఉన్నడు గద. రోడ్డు మీద సచ్చినోడెవడో నాకేమెర్క?" డ్యూటీల ఉంటె పిలువు, నా కొడుకును నాకు సూపియ్యి, అన్నాడు నాన్న. అంజయ్య చెంప మీద కొట్టాడు. కొడుకు వయసువాడు. తువ్వాలు మోరీలో పడింది, ఎర్రగా పారే మందు నీళ్ళ మోరీలో. తీసుకుందామని వంగితే నడుం మీద తన్నాడు. ఠాణాలో ఎస్సై కుర్చీలోంచి లేవకుండానే, "ఫ్యాక్టరీల అడిగినం తాతా. అహరోను రోజు డ్యూటీకొస్తున్నడన్నరు. సచ్చినోడు డ్యూటీకెట్ల వస్తడు?" అన్నాడు. తలకాయున్న ఎవరి దగ్గరా దానికి జవాబుండదు. కొడుకు చచ్చాడని రుజువు చేయమని తండ్రినడిగే లోకం ఇది, దీన్ని తగలబెట్టాలి. ఈ షెడ్లు, డ్రమ్ములు, గొట్టాలు అన్నీ ఒక్క అగ్గిపుల్లతో పోతాయి. గాలే అంటుకుంటుంది కదా.

నైస్ టు మీట్ యూ, అంటోంది హాలు. ఇంగ్లీషు మొదట తమ్ముడికే నేర్పింది. బడి ఆట. తను టీచరు, వాడొక్కడే క్లాసంతా. చేతిలో చింత బరికె. మై నేమ్ ఈజ్ అహరోను అనాలి, మై ఫాదర్స్ నేమ్ ఈజ్ బర్నబా అనాలి. వాడు కావాలని తప్పు చెప్పేవాడు, తను పిక్కల మీద బరికెతో చుర్రుమనిపించేది. వాతలు తేలేవి. వాడు ఎగిరెగిరి పడుతూ నవ్వేవాడు, ఆ నవ్వుకి ఇంకా కోపమొచ్చి ఇంకా కొట్టేది. చివరికి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాడు, గుడిలో దేవుని వాక్యం అప్పజెప్పినట్టు. మోషేకి మాట సరిగ రాకపోతె అన్న అహరోను నోరయిండురా, నీకు నోరున్న పేరు పెట్టిన్రు, సక్కగ చెప్పు, అనేది. ఏడో తరగతితో వాడు ఆగిపోయాడు, ఆమె బీయెడ్ దాకా వెళ్ళింది. ఒకరు ఆగితేనే ఇంకొకరు వెళ్ళగలిగిన ఇల్లు అది.

"మై నేమ్ ఈజ్ అహరోను."

దయావతి నాలుగు వాక్యాలూ రాసిన బోర్డువైపు తిరిగి ఉంది. ఆ మాట తన తలలోంచే వచ్చిందనుకుంది. తిరగలేదు.

"మై ఫాదర్ నేమ్ ఈజ్ బర్నబా. ఐ యామ్ ఫ్రమ్ కంది విలేజ్. ఐ యామ్ వర్కింగ్ ఇన్ బీ బ్లాక్."

నైస్ టు మీట్ యూ అహరోను, అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది.

తిరిగింది. మూడో బెంచీ చివర నిలబడ్డాడు. ముప్ఫై అయిదు పైబడ్డ మనిషి, ఎండి వడిలిన మొహం, దవడ ఎముకలు, మెడలో గేటు పాసు. కంది పేరును ఒరియావాళ్ళు పలికినట్టు పలికాడు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఎవరికి తెలియదు ఈ సంగతి! పనివాడు పోతే పాసు పోదు. కొత్తగా దిగినవాడి మెడలో పాతవాడి పాసు వేస్తారు, మళ్ళీ డాక్టరు పరీక్షలు, శిక్షణ, తతంగం ఏదీ అక్కర్లేదు. మనిషి మారతాడు, పేరు డ్యూటీకి వస్తూనే ఉంటుంది. మానేసిపోయినవాళ్ళ పేర్లతో అలా చేస్తారని ఆమెకీ తెలుసు. చచ్చినవాడి పేరుతో కూడా చేస్తారని, తన తమ్ముడికే చేస్తారని, ఆ పేరు ఇన్నాళ్ళూ వీడి ఒంటి మీద తిరిగి, తిని, పడుకుని లేచిందని మాత్రం తట్టలేదు. ఎస్సై అబద్ధం చెప్పలేదన్నమాట. అహరోను రోజూ వస్తున్నాడు. అదుగో, అక్కడ, నాన్న పేరు కూడా చెప్పుకుని నిలబడ్డాడు. దయావతికి ఆ బెంచీ మీదికి దూకి, ఆ మెడలోని తాడు పట్టి బిగించి, కళ్ళు బయటికొచ్చేదాకా బిగించి, ఆ గొంతులోంచి తన తమ్ముడి పేరును పీకి తెచ్చుకోవాలనుంది. చంపాలని ఉంది. ఎప్పుడూ చీమను కూడా చూసి అడుగేసే మనిషికి ఒక మనిషిని చంపాలని ఇంత కమ్మగా ఎలా అనిపిస్తుందో ఆమెకే అర్థం కాలేదు.

"అగైన్," అంది.

అతను చెప్పాడు. "అగైన్. ఫాదర్స్ నేమ్." బర్నబా, అన్నాడు. "లౌడ్." బర్నబా. "అగైన్." బరికె లేదు చేతిలో, మాటే బరికె. కొడుతోంది. ప్రతి దెబ్బకీ అతని మెడ కొంచెం కిందికి వంగుతోంది. నాలుగోసారి గొంతు చీరుకుపోయింది. "మేడంజీ, మేరా బాప్..." అని ఏదో అనబోయి, వెనక్కి టీ డ్రమ్ము వైపు చూసి, ఆ మాటను గుటకతో మింగేశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఇతనికీ ఒక తండ్రున్నాడు! ఎక్కడో ఉన్నాడు, లేదా చచ్చాడు, ఆ పేరు నోటితో అంటే ఇతనికి రేపటి కూడు లేదు. అర్థమైంది దయావతికి. అర్థమైనా కోపం తగ్గలేదు. అది మాత్రం బెంచీల మీదుగా ఇతణ్ణి దాటి వెళ్ళి, వెనక టీ ఊదుకుంటున్నవాడి మీద ఆగింది.

"పాపం ఒకణ్ణే అలా పట్టుకున్నారేంటి మేడం, బానే చెప్పాడుగా," అన్నాడు రామలింగేశ్వరరావు. "తర్వాతోణ్ణి కానివ్వండి."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. రెండేళ్ళుగా చించుకోకుండా దాచి ఏం మిగిలింది, వెనక గోడకానుకున్న అమ్మ తప్ప? నాన్న అడిగినప్పుడు కొట్టారు, బక్కమ్మకు నోరు లేకుండా చేశారు. ఇప్పుడు ఇంత హాలు తనేమంటే అదే అనడానికి నోరు తెరిచి కూర్చుంది. దయావతి చీర కుచ్చిళ్ళకి సుద్ద చేతులు తుడుచుకుంది.

"అందరూ. నా వెంబడి. ఐ హ్యాడ్ ఎ బ్రదర్."

ఐ హ్యాడ్ ఎ బ్రదర్, అని హాలు. నాకో తమ్ముడుండేవాడు అని హాలుకు తెలియదు.

"హిజ్ నేమ్ వాజ్ అహరోను."

హిజ్ నేమ్ వాజ్ అహరోను. కొందరు మూడో బెంచీ వైపు తిరిగి నవ్వారు, వాణ్ణి చూపించి ఉదాహరణ చెప్తోందనుకున్నారు. రామలింగేశ్వరరావు ఫోన్ నొక్కుకుంటున్నాడు.

"హి డైడ్ ఇన్ బీ బ్లాక్."

బీహారువాళ్ళు, ఒరిస్సావాళ్ళు, అర్థం తెలియనివాళ్ళంతా గొంతెత్తి అరిచారు, హి డైడ్ ఇన్ బీ బ్లాక్. పదో తరగతి దాకా చదివిన ఊరివాళ్ళ నోళ్ళు మధ్యలోనే ఆగిపోయాయి. ఒక్క క్షణం హాలు రెండుగా చీలింది. అప్పుడు మల్లయ్య లేచాడు. ఆయనకి అర్థమైందో, మొహాలు చూసి పోల్చుకున్నాడో, నెమ్మదిగా, ఒక్కడే, ఒక్కో మాటా వేరుచేసి అన్నాడు. హి. డైడ్. ఇన్ బీ బ్లాక్. ఆగిపోయినవాళ్ళు అందుకున్నారు. ఈసారి పలికింది పాఠం కాదు. పిడికిళ్ళు బెంచీల మీద పడ్డాయి. ఎవరెవరి తమ్ముళ్ళు, ఎవరెవరి బావమరుదులు, ఎన్ని టెంపోలు, ఏ హైవేలు! ఆ అరుపు ఫ్యాక్టరీ గేటు దాకా వినిపించి ఉంటుంది.

రామలింగేశ్వరరావు గ్లాసు విసిరేసి వచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు, గాజులు పగిలి చర్మంలో దిగాయి. "ఎవత్తివే నువ్వు? ఎవడు పంపాడు?" దయావతి చెప్పింది, ఇంగ్లీషులో కాదు. "అహరోను అక్కను. బర్నబా బిడ్డను. నా తమ్ముణ్ణి మీరు ఆడ గోడ మీదికెల్లి గీకిచ్చిన్రు." వాడు తెల్లబోయాడు, ఆ వెంటనే తెలివి తెచ్చుకుని హాలువైపు తిరిగి నవ్వే ప్రయత్నం చేశాడు. "పిచ్చిది. అహరోను చచ్చాడంట! ఇదుగో, ఇక్కడే ఉన్నాడుగా మనిషి. ఏయ్, లే. చెప్పు, నీ పేరేంటో అందరికీ చెప్పు. ఇందాక చెప్పావుగా, చెప్పు!"

అతను లేచాడు. దయావతి చేతినుంచి రక్తం వేళ్ళ మీదికి కారుతోంది. ఆమె అతన్ని బతిమాలలేదు, కనీసం తలైనా ఊపలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది, ఇప్పుడే కదా మాటలతో చావబాదింది? అతను ఒక్కసారి ఆ పేరు అంటే చాలు, తమ్ముడు మళ్ళీ డ్యూటీలో ఉంటాడు. ఇక ఎప్పటికీ చావడు. నాన్న ఎన్ని గేట్లకి వెళ్ళినా అదే చెంపదెబ్బ, అదే జవాబు. అనకపోతే ఈ మనిషి ఈ రాత్రికే రోడ్డు మీద ఉంటాడు, అదే హైవే మీద.

"మై నేమ్ ఈజ్," అన్నాడు. ఆగాడు. పెదవులు తడుపుకున్నాడు.

"మై నేమ్ ఈజ్ దుఖీశ్యామ్."

రామలింగేశ్వరరావు కొట్టాడు. ఆఫీసు చెయ్యే అయినా దెబ్బ గట్టిగానే తగిలింది, దుఖీశ్యామ్ బెంచీ మీద పడి, అంచు తగిలి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి లేచిన చేతిని వెనకనుంచి మల్లయ్య పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. హాలంతా లేచి నిలబడింది. దుఖీశ్యామ్ కూడా లేచి, నోటి రక్తాన్ని భుజానికి తుడుచుకుని, బోర్డు మీద తర్వాతి వాక్యం ఏదో వెతుక్కున్నాడు. మై ఫాదర్ నేమ్ ఈజ్ సనాతన, అన్నాడు. ఐ యామ్ ఫ్రమ్ గంజాం, ఒరిస్సా. నాలుగోది కూడా పూర్తిగా చెప్పి, అప్పుడు కూర్చున్నాడు.